గులాబీ సబ్బు, మా అమ్మమ్మ కుట్టిన తోలు చొక్కా

మా ఇంటి తలుపు తీయగానే ఎడమ పక్కన ఒక చెక్క తొట్టి ఉండేది. దాని నిండా ఉచ్చ. కొంత మాది, కొంత పొరుగిళ్లది, కొంత ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీకి వచ్చినవాళ్లది. మా అమ్మమ్మ బెనిగ్నె ఎవరొచ్చినా రెండు కప్పులకి తక్కువ పోసేది కాదు. ఊళ్లోవాళ్లు దాన్ని ఆవిడ పెద్దమనసు అనుకునేవాళ్లు. నాకు తెలుసు కదా! తాగినవాళ్లు వెళ్లేటప్పుడు తొట్టి దగ్గర కాసేపు ఆగి వెళ్లాలి. ఆవిడకి కావలసింది అదీ.

ఆ తొట్టిలో మా మామయ్య వేటాడి తెచ్చిన సీలు తోళ్లు నానేవి. వారం, ఒక్కోసారి పది రోజులు. పైన పచ్చటి నురగ కట్టేది. ఎండ కాసిన రోజైతే అందులోంచి లేచే ఘాటుకి కళ్లమ్మట నీళ్లు కారేవి. అమ్మమ్మ మోచేతుల దాకా చేతులు ముంచి, తోలు పైకి లాగి, అది కారుతుండగానే ముక్కుకి ఆనించుకుని, "ఇంకో రెండ్రోజులు" అనేది. ఆ చేతులే చొక్కాకి తుడుచుకుని నాకు ఎండు చేప తుంచి పెట్టేది. గ్రీన్‌లాండ్ పడమటి తీరం పొడుగునా అన్ని ఊళ్లలోనూ ఆడవాళ్లు తోళ్లు నానేస్తారు, నిజమే. కానీ మా ఇంటి కంపు ఇంకో ఇంటికి లేదు. మంచు తుపానులో దారి తప్పినవాళ్లు మా కంపు పట్టుకుని ఊరు చేరుకున్నారని మా మామయ్య జక్కాక్ అనేవాడు. అమ్మమ్మ దాన్ని పొగడ్త కిందే తీసుకునేది.

నానిన తోలు మీద బొచ్చు ఊడగొట్టి, గీకి, ఆరబెట్టాక అసలు అసహ్యం మొదలు. దాన్ని నమలాలి. కుట్టు పడే అంచంతా పళ్ల కింద పెట్టి నమిలితేనే మెత్తబడుతుంది. నలభై ఏళ్లుగా నమిలి నమిలి ఆవిడ పళ్లు చిగుళ్ల దాకా అరిగిపోయాయి. నవ్వితే చంటిపిల్లలా ఉండేది, కరిస్తే మాత్రం కాదు. తిమింగలం వీపు నరాన్ని చీల్చి దారం తీసేది. సూది తోలులో సగం మందం దాకానే దిగాలి, అవతలికి రాకూడదు. అవతలికి వస్తే ఆ కంతలోంచి నీళ్లు లోపలికి వస్తాయి. కుట్టంతా అయ్యాక, ఏడాది పాటు సంచిలో మురగబెట్టిన సీలు కొవ్వు తీసి కుట్ల మీద వేలితో రుద్దేది. ఆ సంచి మూతి విప్పితే మా కుక్కలే ముఖం తిప్పుకునేవి. కుక్కలు! తమ కక్కు తామే తినే కుక్కలు!

అలా తయారయ్యేదాన్ని తుయిలిక్ అంటాం. తల మీది ముసుగు నుంచి నడుం కింది దాకా ఒకటే తోలు చొక్కా. ముఖం చుట్టూ తాడు, మణికట్ల దగ్గర తాడు, కింది అంచుని మా ఒంటిమనిషి తోలు పడవ, అంటే కయాక్, నోటి చుట్టూ ఉన్న చెక్క చట్రానికి బిగించి ఇంకో తాడు. అంతా కట్టేశాక మనిషీ పడవా కలిసి ఒకటే జంతువు. అల బోర్లా కొట్టినా తెడ్డుతో ఒక్క తోపు తోసి మళ్లీ పైకి లేస్తాడు. ముక్కూ మూతీ తప్ప ఒంటి మీద చుక్క తడి ఉండదు. మా నీళ్లలో తడిసినవాడికి రెండు ప్రార్థనలు చెప్పుకునేంత సమయం ఉంటుంది. మూడోది ఊళ్లోవాళ్లు చెప్తారు.

అందుకే ఏ తుయిలిక్ ఇంటికొచ్చినా అమ్మమ్మ ముందు వాసన చూసేది. చంకలో, మెడ కింద, ముసుగు కుట్టు దగ్గర ముక్కు పెట్టి పీల్చేది. కంపు తగ్గిన చోట కొవ్వు తగ్గినట్టు. మళ్లీ సంచి విప్పేది. నేను బయటికి పరిగెత్తేదాన్ని.

"ఎక్కడికయ్యా పరుగు? పెళ్లాం పని చేస్తుంటే మొగుడు పక్కన కూచోవాలి" అనేది.

ఆ మొగుణ్ని నేనే. మా తాత మితేక్ సముద్రంలో పోయిన తొమ్మిదో రోజున నేను పుట్టాను. పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి పెడతాం, పేరుతో పాటు మనిషీ తిరిగొచ్చేస్తాడు. ఆడపిల్లనైనా సరే, అమ్మమ్మకి నేను "ఏమయ్యా". మామయ్యకి "నాన్న". అమ్మకీ నాన్ననే, కానీ ఆవిడ పట్నంలో ఆస్పత్రి బట్టలుతికే పనిలో ఉండేది కాబట్టి ఆ పిలుపు ఉత్తరాల్లోనే వినపడేది.

"నాన్నా, నా చేతి తొడుగులు ఎక్కడ పడేశావు?" అని ఇరవై నాలుగేళ్ల మామయ్య అరిచేవాడు.

"తండ్రితో మాట్లాడే తీరేనా? ముందు ముక్కు తుడుచుకో" అని పదిహేనేళ్ల నేను అరిచేదాన్ని.

"చూశావా అమ్మా, నన్ను తిడుతున్నాడు."

"ఆయనెప్పుడూ అంతే. బతికున్నప్పుడూ అంతే" అని అమ్మమ్మ తోలు నములుతూనే అనేది.

ఇంట్లో ఇంత పెద్దరికం ఉన్నా బయట నాకు గౌరవం లేదు. బడిలో గుణకారం దాకా వెళ్లి భాగహారం దగ్గర ఆగిపోయాను. అయినా బడి మానింది లెక్కల వల్ల కాదు. మా ఊళ్లో ఆదివారం ప్రార్థన నడిపే ఉపదేశి కూతురు అమాలియ వల్ల. వాళ్ల కిటికీలకి లేసు తెరలు. ఒక ఆదివారం ప్రార్థనలో నా పక్కన కూచోవలసి వచ్చి, ముక్కు మీద చేతి గుడ్డ పెట్టుకుని, అందరికీ వినపడేలా అంది:

"మితేక్, కొంచెం అవతలికి జరుగు. కీర్తన పాడదామని నోరు తెరిస్తే పొద్దున తిన్నది వస్తోంది."

అందరూ నవ్వారు. వెనక బల్ల మీద మా అమ్మమ్మ కూడా నవ్వింది. అది నాకు ఇంకా మండింది.

"నీకు సిగ్గు లేదా?" అన్నాను ఇంటికొస్తూ.

"దేనికి? ఆ పిల్ల తండ్రి కూడా నేను కుట్టిందే వేసుకుని వేటకి వెళ్తాడు. ఆయన ప్రాణం కాపాడేదే కంపు కొడుతోంది, కూతురి ముక్కుకి నచ్చట్లేదు. అంతే కదా?"

ఆ ఆగస్టు ఓడలో అమ్మ నాకో సబ్బు పంపింది. గులాబీ రంగు కాగితంలో చుట్టిన గులాబీ సబ్బు. నేను గులాబీ పువ్వుని ఎన్నడూ చూడలేదు, కానీ కాగితం విప్పగానే, అమాలియ వాళ్ల ఇంట్లో నుంచి వచ్చేది ఇదే వాసన అని తెలిసిపోయింది. తల రుద్దుకున్నాను, మెడ రుద్దుకున్నాను, చివరికి చెప్పుకోకూడని చోట్లు కూడా రుద్దుకున్నాను. మర్నాడు కొట్టు దగ్గర అమాలియ నా చుట్టూ ఒకసారి తిరిగి, "ఇవాళ నువ్వు మనిషిలా ఉన్నావు" అంది. నాకు ఏడుపొచ్చినంత పని అయింది, సంతోషంతో.

అమ్మమ్మ మాత్రం మంచం ఆ చివరికి జరిగి పడుకుంది. "కడుపులో తిప్పుతోందయ్యా. ఏ ఓడ వంటవాడి పక్కనో పడుకున్నట్టుంది."

సెప్టెంబర్‌లో ఆడవాళ్లంతా కొండ వాలు మీద నల్ల పండ్లు ఏరడానికి వెళ్లారు. అమ్మమ్మా వెళ్లింది, మూడు రాత్రులు గుడారంలో ఉండి రావడానికి. మామయ్య ఆ మూడు రోజులూ ఒడ్డున కయాక్ బాగుచేసుకుంటూ స్నేహితుల దగ్గరే పడుకున్నాడు. ఇంట్లో నేనూ, సబ్బూ మిగిలాం. తలుపు పక్కన కొయ్యకి మామయ్య తుయిలిక్ వేలాడుతోంది. అటు వెళ్లినప్పుడల్లా దాని చెయ్యి నా చెంపకి తగులుతోంది, జిడ్డుగా, చల్లగా, చచ్చినవాడి చెయ్యిలా. మెడ దగ్గర కొవ్వు గడ్డకట్టి చెవిలో గులిమిలా ఉంది. చంక దగ్గర చూద్దును కదా, ఎన్నేళ్ల చెమటో, ఎన్ని సీళ్ల నెత్తురో. దానిలో ఒక ఈగ అతుక్కుని చచ్చి ఉంది. ఆ ఈగ నన్ను చూసినట్టనిపించింది.

మూడో రోజు నీళ్లు కాచాను. రెండు తొట్ల వేడినీళ్లు, సగం సబ్బు. చేతుల్లో బలమున్నంతసేపు రుద్దాను. బూడిద రంగు తెట్టు తేలింది, దాన్ని చూసి నాకెంత తృప్తో చెప్పలేను. కుట్ల సందుల్లో కూడా వేలి గోటితో గీకి గీకి కడిగాను. తర్వాత త్వరగా ఆరాలని బొగ్గు పొయ్యి పక్కనే ఆరేశాను. పొద్దుటికి అది గులాబీల వాసన వేస్తూ, తనంతట తానే నిలబడగలిగేంత బిర్రుగా తయారైంది.

అప్పుడే మామయ్య హడావుడిగా వచ్చాడు. సీళ్లు అఖాతం మొగ దాకా వచ్చాయని కబురు. ఊళ్లో మగవాళ్లంతా అప్పటికే వెళ్లిపోయారు. చొక్కా చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నాన్నా! ఇదేంటి?"

"ఉతికాను."

"ఉతికావా?" అని మళ్లీ పీల్చాడు. ఈసారి కాస్త ఎక్కువసేపు పీల్చాడు. అఖాతం అవతలి ఊళ్లో రెగీనె అనే పిల్ల ఉంది. కిందటిసారి వెళ్లినప్పుడు వాళ్లింట్లో కాఫీ ఇచ్చి, కిటికీలన్నీ తెరిచారట. చలిలో వణుకుతూ తాగొచ్చాడు పాపం. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు.

"వచ్చేటప్పుడు అటు వెళ్తావేమో, బాగుంటుంది కదా" అన్నాను.

"నోర్ముయ్ నాన్నా" అని నవ్వాడు. తొడుక్కుంటూ మొహం చిట్లించాడు. "కొంచెం బిర్రుగా ఉందే. కుట్లకి కొవ్వు రాశావా?"

సంచి మూల ఉంది. విప్పాలి, మళ్లీ ఆ కంపు, మళ్లీ గోళ్లలో ఆ పచ్చటి జిగురు, మళ్లీ అమాలియ చేతి గుడ్డ. 

"రాశాను" అన్నాను.

ఇప్పటికీ నాకు నా మీద రోత పుట్టేది ఉతికినందుకు కాదు, ఆ మాటకే.

అతను వెళ్లాక రెండు మూడు గంటలకి అమ్మమ్మ పండ్ల బకెట్టుతో వచ్చింది. గడపలో అడుగు పెట్టి ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇంట్లో ఏం చచ్చింది?"

"ఏం చావలేదే."

"ఛీ ఛీ! ఏదో చచ్చి, దాని మీద పంచదార పోసినట్టుంది." ముక్కు ఎగబీలుస్తూ తొట్టి దాటింది, పొయ్యి దాటింది, తలుపు పక్కన ఖాళీ కొయ్య దగ్గర ఆగింది. గోడకి ముక్కు ఆనించింది. మెల్లగా నా వైపు తిరిగింది. "జక్కాక్ తుయిలిక్ ఏది?"

"వేసుకుని వెళ్లాడు."

"సబ్బు పెట్టావా?"

తల ఊపాను.

"తర్వాత కొవ్వు?"

మూల ముడి విప్పని సంచి వైపు చూశాను. ఆవిడ చేతిలోని బకెట్టు కింద పడింది. పండ్లు నేలంతా దొర్లి తొట్టి కిందికి వెళ్లాయి. ఆవిడ నన్ను కొడుతుందని భుజాలు దగ్గరికి లాక్కున్నాను. కొడితే బాగుండేది. మేకుకి ఉన్న తన బాతు తోలు చొక్కా లాగింది, ఈకలు లోపలి వైపుకి ఉండే చొక్కా. ఎండుగడ్డి కట్ట, రెయిన్‌డీర్ తోలు దుప్పటి, పొయ్యి మీద ఉన్న సీలు మాంసం పులుసు కెటిల్‌తో సహా. అన్నీ నా చేతుల్లో కుక్కి, "తెడ్లు" అంది.

మగవాళ్లు లేరు. ఒడ్డున ఒకే చెక్క పడవ ఉంది. ఇద్దరం లాగాం. ఎదురుగాలి. నాకు అరచేతులు బొబ్బలెక్కాయి, ఆవిడకి ఎక్కలేదు, అవి ఎప్పుడో తోలైపోయాయి. మామయ్య ఎప్పుడూ మాటు వేసేది బాతుల బండ వెనక అని ఇద్దరికీ తెలుసు, అటే లాగుతున్నాం. సగం దూరం వెళ్లాక ఆవిడ నా వైపు చూడకుండా, నీళ్లతో చెప్పినట్టు చెప్పింది.

"ఇది రెండోసారయ్యా నువ్వు నాకు ఇలా చెయ్యడం."

"నేనెప్పుడు చేశాను?"

"చేశావు, ఈ ఒంట్లోకి రాకముందు. కొట్టు నడిపే తెల్ల దొర ఇంట్లో కాఫీకి పిలిచారు. అంతకుముందు వెళ్లినప్పుడు దొరసాని ముక్కు మూసుకుందని నీకు రోషం. నేను కుట్టింది కొయ్యకి తగిలించేసి, కొట్లో కొన్న నీలం గుడ్డ చొక్కా వేసుకుని వెళ్లావు. దగ్గరే కదే, గాలి లేదు కదే అన్నావు. వచ్చేటప్పుడు గాలి వచ్చింది."

తెడ్డు వేసింది. ఇంకోటి వేసింది.

"రెండ్రోజులకి దొరికావు. నీ నడుం సంచిలో నాలుగు పంచదార ముక్కలున్నాయి, నా కోసం దాచి తెచ్చావు. ఆ సంచి నేను కుట్టిందే. చక్కెర తడవలేదు. నువ్వు తడిశావు."

అమ్మమ్మ కాఫీలో పంచదార వేసుకోదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఎవరైనా పొరపాటున వేస్తే బయటికి వెళ్లి ఉమ్మేసేది. ముసలిదానికి పళ్లు లేవు కాబట్టి పంచదార పడదని నేను వెక్కిరించేదాన్ని.

బండ కనిపించింది. దాని అంచున కయాక్ సగం నీళ్లలో, సగం పైన ఉంది. మామయ్య బండ మీద కూచుని ఉన్నాడు. నేను గట్టిగా నవ్వేశాను, కూచుని ఉన్నాడు కాబట్టి. అమ్మమ్మ నవ్వలేదు.

"వణకట్లేదు. వణికే వేడి కూడా మిగల్లేదు" అంది.

దగ్గరికి వెళ్లేసరికి నాకూ తెలిసింది. పెదవులు నీలం, చెంపలు తెలుపు. మమ్మల్ని చూసి తాగినవాడిలా నవ్వాడు. "కుట్లు... చంకలోంచి..." అని ఏదో అన్నాడు. ఈటె తగిలిన సీలు తాడు లాగితే బోర్లా పడ్డాడట. పైకి లేచాడు. కానీ చంకలోంచి, మెడలోంచి నీళ్లు ధారలు కట్టాయట. కయాక్ బరువెక్కి, ఎలాగో బండ దాకా వచ్చి, కింది తాడు ఊడలాగి పైకి పాకాడట, ఆ తర్వాత చేతులు పనిచెయ్యక ముఖం దగ్గరి ముడి విప్పుకోలేకపోయాడు. ఇదంతా తర్వాత తెలిసిన సంగతి. చలికి చచ్చేవాళ్లకి చివర్లో వేడి పుడుతుందంటారు. అప్పుడు అన్నది మాత్రం, "వేడిగా ఉందే అమ్మా, చొక్కా తీసెయ్యి. పడుకుంటాను."

"తీస్తాను రా, తీస్తాను" అంటూ అమ్మమ్మ నడుం నుంచి అర్ధచంద్రం కత్తి తీసింది. ముడులు విప్పే పని పెట్టుకోలేదు. తను రెండు నెలలు కుట్టిన తుయిలిక్‌ని మెడ నుంచి కింది దాకా ఒక్క గీతలో కోసేసింది. లోపలి నుంచి నీళ్లు బుడబుడా వచ్చాయి, సబ్బు వాసనతో. ఆ వాసన నా మొహాన కొట్టింది. నా జీవితంలో అంత నీచమైన వాసన మళ్లీ పీల్చలేదు.

తడి బట్టలన్నీ లాగేసి, గడ్డితో అద్దాం. నేను అతని చేతులు పట్టుకుని గబగబా రుద్దబోయాను. అమ్మమ్మ నా చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"రుద్దకు! చేతుల్లో చల్లబడ్డ నెత్తురుని గుండెకి తోలుతావా? కదపకు. మెల్లగా పడుకోబెట్టు."

బాతు తోలు చొక్కా తొడిగి, దుప్పటి పరిచి, పడవలో అడ్డంగా పడుకోబెట్టాం. "ఇప్పుడు నీ చొక్కా విప్పి లోపలికి దూరు" అంది.

"నేనా?"

"నీ కొడుకే కదయ్యా. దూరు!"

దూరాను. నీళ్లలోంచి తీసిన చేపని కౌగిలించుకున్నట్టుంది. జిడ్డు, ఉప్పు, చల్లదనం. అమ్మమ్మ అటు నుంచి దూరింది, కుళ్లిన కొవ్వు వాసన వేస్తూ, వెచ్చగా. నేను మొదటిసారి ఆ కంపు వైపు ముఖం తిప్పాను. మా ఇద్దరి మధ్య అతను కళ్లు మూయబోతే ఆవిడ చెవిలో తిట్లు మొదలుపెట్టింది.

"ఒరేయ్, పడుకుంటే రెగీనెని ఉపదేశి తమ్ముడికి ఇప్పిస్తాను. వాడికి రెండే పళ్లున్నాయి. వింటున్నావా?"

"ఊఁ."

"ఊఁ కాదు, వాడి పేరు చెప్పు."

"వాడు... దున్న."

"అదీ! ఇంకా తిట్టు."

కాసేపటికి అతనికి వణుకు మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. అమ్మమ్మ మొహంలో అప్పుడు రంగు వచ్చింది. "వణుకు నాయనా, బాగా వణుకు." వణుకుతూ వణుకుతూ అతను తాగిన సముద్రమంతా నా మెడ మీద కక్కాడు. ఉప్పునీళ్లు, పొద్దున తిన్న సీలు కార్జం, సబ్బు నురగ. నా జుట్టులోంచి వెచ్చగా వీపు మీదికి కారింది. నేను కదల్లేదు. కదిలితే దుప్పటిలోకి చలి వస్తుంది. కెటిల్ తను పట్టుకోగలిగాకే అమ్మమ్మ పులుసు ఇచ్చింది, గుక్కెడు గుక్కెడు. అప్పటికి ఇంకో ఇద్దరు వేటగాళ్లు మా పడవని చూసి వచ్చి, కయాక్‌ని తాడుకి కట్టి, మమ్మల్ని ఊరికి లాగారు.

మామయ్య బతికాడు. మూడు రోజులు మంచం దిగలేదు. మిగిలిన సగం సబ్బు అమ్మమ్మ కుక్కలకి విసిరింది. ముందుకుక్క మింగేసి రెండు రోజులు నురగ కక్కుతూ ఊరంతా తిరిగింది. ఊరు నవ్వింది. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

అమ్మమ్మ నన్ను తిట్టలేదు. కానీ ఆ రోజు నుంచి "ఏమయ్యా" అనడం మానేసింది. "పిల్లా, నీళ్లు తే." "పిల్లా, తలుపు వెయ్యి." పదిహేనేళ్లు ఆ పిలుపుని ఎగతాళి చేశాను కదా, పోయాక ఇంట్లో నేనెవరో నాకే తెలియకుండా పోయింది. మొగుడు పదవి పోయిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నాలుగో రోజు పొద్దున ఖాళీ బకెట్టు తీసి నా ముందు పెట్టింది. "తొట్టిలో సరిపడా లేదు. రెండు పెద్ద తోళ్లు నానాలి. సముద్రం గడ్డకట్టేలోగా వాడు మళ్లీ నీళ్ల మీద ఉండాలి, లేకపోతే చలికాలమంతా కుక్కలకీ మనకీ తిండి లేదు. వెళ్లు."

ఇల్లిల్లూ తిరిగాను. నవ్వినవాళ్లు నవ్వారు, పోసినవాళ్లు పోశారు. చివరికి లేసు తెరల ఇల్లు మిగిలింది. తలుపు తట్టాను. అమాలియ తీసింది. బకెట్టు చూసింది, నన్ను చూసింది, చేతి గుడ్డ ముక్కు మీదికి వెళ్లింది.

"ఏం కావాలి?"

"మీ రాత్రి కుండ."

"ఛీ! ఎందుకు?"

"మీ నాన్న మునిగిపోకుండా ఉండటానికి. ఆయన తుయిలిక్ కూడా వచ్చే నెల మా అమ్మమ్మే కుడుతుంది. మీ ఇంటిదైతే లేసు తెరల ఘనత కూడా దానికి పడుతుందని అంది." ఆ చివరి మాట అమ్మమ్మ అనలేదు, నేనే కలిపాను.

లోపలి నుంచి ఉపదేశి దగ్గు వినపడింది. తర్వాత, "ఇచ్చెయ్యమ్మా" అని ఆయన గొంతు. అమాలియ రెండు చేతులతో కుండ పట్టుకుని, ముఖం గోడ వైపు తిప్పి తెచ్చి నా బకెట్టులో పోసింది. కొంచెం తన బూటు మీదే పడింది. దేవుడున్నాడు అనుకున్నాను.

నానబెట్టాను. బొచ్చు ఊడగొట్టాను. గోళ్ల కింద చేరిన ఘాటు తిండి తినేటప్పుడు నోట్లోకి వెళ్లేది. అంచులు నమిలాను. ఆ రుచి చెప్పమంటే, ఎవరో నాలుగు రోజులు వేసుకున్న బూటు లోపలి అట్టని చేప నీళ్లలో ఉడకబెట్టి ఇచ్చినట్టు. మొదటి రోజు రెండుసార్లు వాంతి చేసుకున్నాను. అమ్మమ్మ పక్కనే కూచుని ఇంకో అంచు నములుతూ, తల ఎత్తకుండా, "ఉమ్ము మింగెయ్, బయట పారెయ్యకు. ఉమ్ము ఉంటేనే మెత్తబడుతుంది" అంది. నేను కుట్టిన మూడు కుట్లు చూసింది, సూది అవతలికి వచ్చిందని మూడూ విప్పేసింది. మళ్లీ కుట్టాను, మళ్లీ విప్పింది. ఎడమ చంక కుట్టు ఒక్కదానికే తొమ్మిది రోజులు పట్టింది.

ఆ కుట్టు నాకే వదిలేసింది. అయ్యాక చొక్కా చేతిలో నీళ్లు పోసి, వేలాడదీసి, ఒక పూటంతా కింద కూచుని చూసింది. చుక్క రాలలేదు.

అక్టోబర్ మధ్యలో ఒక ఉదయం, ఒడ్డున పలచటి మంచు పేరుతుండగా, మామయ్య కొత్త తుయిలిక్ తొడుక్కున్నాడు. అంతకుముందు రోజు కొవ్వు సంచి విప్పి, కుట్టు కుట్టుకీ రుద్ది రుద్ది నా వేళ్లు పచ్చబడ్డాయి. అతను కొంచెం వెనక్కి జరిగాడు.

"అమ్మో! రెగీనె వాళ్లు ఈసారి కిటికీలు కాదు, పైకప్పు తీసేస్తారు."

అమ్మమ్మ దగ్గరికొచ్చింది. అతని చెయ్యి పైకెత్తి ఎడమ చంకలోకి ముక్కు దూర్చింది. పీల్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఘాటుకి. మొహమంతా ముడతలు పడింది. పక్కకి తిరిగి గట్టిగా ఉమ్మింది.

"ఛీ" అంది. "చచ్చిన తిమింగలం నయం."

ఆవిడ ముక్కు తుడుచుకుంటూ కయాక్ వైపు నడిచి, ఒక కొస ఎత్తి, నా వైపు చూసింది.

"ఏమయ్యా, చూస్తూ నిలబడ్డావేం? కొడుకు వెళ్తున్నాడు. ఆ కొస పట్టు."